ప్లాస్టిక్ కుర్చీల విమానం

హోటల్ గదిలో కెటిల్ నీళ్లు మరుగుతుంటే అల్లం ముక్క నలగ్గొట్టి వేశాను. ఇక్కడ రోలెక్కడిది, గాజుగ్లాసు అడుగుతోనే దంచాను. మూత తీయగానే ఘాటు గుప్పుమని ముక్కుకు తగిలింది. ఇక్కడి సూపర్‌మార్కెట్లో దొరికే అల్లం నున్నగా, తెల్లగా, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టుంటుంది గాని వాసన సున్నా. ఇది జహీరాబాద్ ఎర్రమట్టిలో పెరిగింది. పోయినసారి ఇంటికి వెళ్లినప్పుడు కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొచ్చాను. గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేసరికి ఒక విమానం లేచి సముద్రం వైపు తిరిగింది. దాన్ని ఈ పొద్దున నేను నడపాలి. ఎడమవైపు కెప్టెన్ సీట్లో, నాలుగు చారల చొక్కాతో నేనుండాలి. నేనేమో ముడతలు పడ్డ నైటీలో, చేతిలో అల్లం టీతో, దానికి టాటా చెప్పనా మాననా అని చూస్తున్నాను.

జ్వరం లేదు, దగ్గు లేదు. రాత్రి నిద్రపోలేదు, ఆ మాటే చెప్పి వెనక్కి వచ్చాను. మామూలు ఉద్యోగస్తులకు ఇందులో వింతేముందనిపించవచ్చు. మాకు వింతే. నేను విదేశంలో కాంట్రాక్టు పైలట్‌ని. విమానం ఒకరిది, నాకు జీతమిచ్చే ఏజెన్సీ ఇంకో దేశంలోది, రోజూ పని చెప్పేవాడు మూడోవాడు. కాగితం మీద నేను ఎవరి ఉద్యోగినీ కాను, నాకు నేనే యజమానిని! చక్రం కదిలిన దగ్గర్నుంచి తిరిగి ఆగేదాకానే నాకు డబ్బు. ఎక్కకపోతే లేదు. ఒప్పందం ఏడాదికోసారి పొడిగిస్తారు, ఆ పొడిగింపు వచ్చే నెలలో ఉంది. ఇలాంటి సమయంలో నోరు తెరిచి నిద్ర లేదని చెప్పడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే అంటారు నా తోటివాళ్లు. రాత్రి ఎందుకు నిద్ర పట్టలేదో తర్వాత చెబుతాను. ముందు, ఆ మాట నోటితో పలకడం నాకు నేర్పిన మనిషి గురించి చెప్పాలి.

ఆయన పేరు విశ్వనాథం. జహీరాబాద్‌లో ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. కెప్టెన్ సాబ్ అంటే ఆటోవాళ్లు నేరుగా తీసుకెళ్లి ఇంటిముందు దింపుతారు. వాళ్ల నాన్నగారు తెనాలి వైపు నుంచి మా ఊరి ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చి స్థిరపడ్డారు. ఈయన మా ఊరి బడిలోనే చదివి, పైలట్ అయి, ఇరవై ఏళ్లు దేశదేశాల్లో కాంట్రాక్టు మీద విమానాలు నడిపారు. ఆ తర్వాత ఉన్నట్టుండి వచ్చేసి, మొగుడంపల్లి దారిలో రెండెకరాలు కౌలుకు తీసుకుని అల్లం వేశారు. చూస్తే తల పూర్తిగా నెరవనైనా లేదు. అంతంత విమానాలు నడిపిన మనిషి ఎర్రమట్టిలో చతికిలబడి అల్లం తవ్వుకుంటుంటే ఊరు ఊరికే ఉంటుందా? లాటరీ తగిలిందని కొందరు, గుండెజబ్బని కొందరు. అందరూ ఎక్కువగా నమ్మిన కథ మాత్రం వేరే ఉంది. మా బాపు ఆ కథను దగ్గరుండి చూసినట్టే చెప్పేవాడు. "నిద్ర లేకుంట విమానం నడుపమంటె నడుపనని పెద్దసారు మొఖం మీదనే చెప్పిండంట. గందుకే పంపిచ్చిన్రు. మొగోడంటె గాయన!"

ఈ కథ ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మా ఊళ్లో ఎవరెదురైనా "తిన్నవా?" అని అడుగుతారు. ఆయన "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేవారు. పాలవాణ్ణి అడిగేవారు, బ్యాంకు మేనేజర్‌ని అడిగేవారు. బస్సెక్కే ముందు మెట్టు మీద ఒక కాలు పెట్టి, డ్రైవర్ని అడిగి, జవాబు నచ్చితేనే రెండో కాలు పెట్టేవారు. వెనక జనం తోసుకుంటున్నా సరే. "నిద్ర సార్" అని కొందరు చాటుగా నవ్వుకునేవారు. ఆయనకు తెలుసు, పట్టించుకునేవారు కాదు. ఆ ప్రశ్న మర్యాదకు అడిగేది కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగేది. అదీ మాకు విచిత్రంగా ఉండేది.

నేను ఆయన దగ్గర నేర్చుకునే రోజుల్లో ఒకసారి చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద ఇద్దరం చాయ్ తాగుతున్నాం. చెరుకు లోడు లారీ ఒకటి వచ్చి ఆగింది. దిగిన డ్రైవర్ కళ్లు మిరపపళ్లలా ఉన్నాయి. సార్ బెంచీ మీద జరిగి చోటిచ్చి, "రాత్రి పడుకున్నావా నాయనా?" అన్నారు.

"పండుకుంటె పైసలెవరిస్తరు సార్? మీరిస్తరా?" అన్నాడతను.

ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారు. సార్ మొహం మాత్రం వెలిగిపోయింది. ట్రిప్పుకిస్తారా, నెలకిస్తారా? ఫ్యాక్టరీ ముందు లైన్లో ఆగినంతసేపూ ఎవరిస్తారు? లారీ చెడిపోతే ఆ రోజు ఎవరి ఖాతాలో పోతుంది? ఒళ్లు బాగోకపోతే? ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు కదా, పాపం అతను రెండో చాయ్ కూడా చల్లారబెట్టుకుని అన్నిటికీ జవాబు చెప్పాడు. చివరికి అనుమానం వచ్చి, "సార్, మీరు ఇన్‌కంట్యాక్సోళ్లా?" అని అడిగాడు. "కాదు నాయనా, నీలాంటి డ్రైవర్నే. నా బండికి రెక్కలుండేవి, అంతే తేడా" అన్నారు సార్. అతను నమ్మలేదు. నాతో మాత్రం తిరుగుదారిలో, "చూశావా, ఆగిన చక్రానికి ఇక్కడా జీతం లేదు" అన్నారు. ఏదో కొత్త గ్రహం కనిపెట్టినంత ఉత్సాహంగా అన్నారు.

నన్ను ఆయన దగ్గరకు తీసుకెళ్లింది మా బాపే. అప్పటికి నాకు పైలట్ లైసెన్సు వచ్చి చాలాకాలమైంది, ఉద్యోగం మాత్రం లేదు. నా చదువు కోసం రాయికోడ్ దగ్గరి మా చెల్కను, ఉన్న ఆ కాస్త మెట్టపొలాన్ని, బాపు బ్యాంకులో తాకట్టు పెట్టాడు. బజారుకు వెళ్తే చాలు, "ఏమమ్మా పైలట్, మా ఇంటి మీదికెళ్లి ఎప్పుడు పోతవ్? చెయ్యూపుతం" అని ఎగతాళి. నవ్వినట్టు నటించి ఇంటికొచ్చి తలుపేసుకునేదాన్ని. ఒకరోజు బాపు స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని నేరుగా అల్లం మడుల్లోకి తీసుకెళ్లాడు.

"సాబ్, మా బిడ్డ మంజుల. విమానం నడుపుడు నేర్చుకున్నది. నౌకరి దొర్కుత లేదు. జర చూడున్రి" అన్నాడు.

"నేను అల్లం రైతునండీ. నా దగ్గర ఉద్యోగాలేముంటాయి?" అన్నారు సార్, చేతులకున్న మట్టి దులుపుకుంటూ. తర్వాత నావైపు తిరిగారు. "అమ్మాయ్, రాత్రి నిద్ర పట్టిందా?"

"బాగా పట్టింది సార్" అన్నాను. ఇంటర్వ్యూల్లో అలాగే అనాలని ఎవరో చెప్పారు. ఆయన నా కళ్లకింద నలుపును కాసేపు చూసి, రేపట్నుంచి రమ్మన్నారు.

ఆ పొలంలో రేకుల షెడ్డు ఒకటి ఉండేది. దాని ముందు రెండు నీలం ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కన వేశారు. మధ్యలో బోర్లించిన బకెట్టు. ఎడమ కుర్చీ కెప్టెన్‌ది, కుడిది కోపైలట్‌ది. ఎదురుగా అల్లం మడులు, మడుల చివర కందిచేను. అదే మా విమానం. ఇంజన్‌లో మంట వస్తే ఏం చేస్తావు, ముందున్న వాతావరణం పాడైతే ఎక్కడ దిగుతావు, కెప్టెన్ స్పృహ తప్పితే మొదట ఏ పని? ఇలా గంటలకొద్దీ నడిచేది. ఆంటీ, అంటే సార్ భార్య, ఫ్లాస్కులో అల్లం టీ పంపేవారు. అందులో టీ కన్నా అల్లమే ఎక్కువ. అల్లం గొంతులో మండుతుండగా ఇంజన్ మంటల గురించి చెప్పడం నాకిప్పటికీ గుర్తు.

అయితే అన్నిటికన్నా ముందు ఒక తంతు ఉండేది. కుర్చీలో కూర్చోగానే ముందు ఆయన తన నిద్ర సంగతి చెప్పేవారు, ఆ తర్వాత నేను చెప్పాలి. నాలుగో రోజో ఐదో రోజో, నేను ఎప్పట్లాగే "బాగా పట్టింది సార్" అన్నాను. ఆయన బకెట్టు మీద చెయ్యి వేసి ఇంజన్ స్టార్ట్ చేయబోతూ, "ఏ రన్‌వే ఇచ్చారు?" అన్నారు. ఒక్క నిమిషం కిందటే చెప్పుకున్న సంగతి, నాకు గుర్తు రాలేదు. ఆయన లేచి నిలబడ్డారు.

"ఇవాళ ఫ్లైట్ లేదు. ఇంటికి వెళ్లు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎండలో అంత దూరం స్కూటీ మీద వచ్చాను. "సార్, ఇవి కుర్చీలు!" అన్నాను.

"అవును. అందుకే బతికిపోయాం" అని చెప్పులేసుకుని మడుల్లోకి వెళ్లిపోయారు.

ఇంటికెళ్లి చెబితే బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ప్లాస్టిక్ కుర్సీ ఏడికి పోతది? కూలిపోతదా ఏంది? గాయనకు నిజంగనే జర తిక్క ఉన్నట్టుంది." నవ్వడం అయ్యాక మాత్రం, "ఇంతకు రాత్రి ఎందుకు పండుకోలే బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. నేను చెప్పలేదు. చెల్క గురించి ఆలోచిస్తూ పడుకోలేదని ఆయనతో ఎలా చెప్పను?

తర్వాత ఇంకో రోజు ఆయనే కుర్చీలో కూర్చుంటూ, "మోకాలి నొప్పితో రాత్రంతా మేలుకునే ఉన్నాను. ఫ్లైట్ క్యాన్సిల్" అన్నారు. నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. "మంజులా, విను. పెద్దవాడు ముందు చెప్పాలి. చిన్నవాడు ముందు చెబితే అది సాకు అంటారు. పెద్దవాడు చెబితే అది పద్ధతి అవుతుంది" అన్నారు. ఆ తర్వాత ఎన్ని ఫ్లైట్లు క్యాన్సిల్ అయ్యాయో లెక్కలేదు. కొన్ని ఆయనవల్ల, కొన్ని నావల్ల. మెల్లగా నాకు అలవాటైంది. "సార్, రాత్రి పట్టలేదు" అని చెప్పడం, టీ తాగి ఇంటికి రావడం. తిట్లుండవు, సంజాయిషీలుండవు. ప్రపంచంలో ఇలాంటి ఉద్యోగం ఇంకెక్కడుంటుందా అనిపించేది.

చివరికి నాకు విదేశం నుంచి పిలుపొచ్చింది. కాంట్రాక్టు కాగితాలు పట్టుకుని నేనూ బాపూ షెడ్డుకు వెళ్లాం. సార్ ఒక్కొక్క షరతూ చదివి బాపుకు అర్థమయ్యేలా చెప్పారు. సెలవుకు జీతం లేదు. జబ్బుకు జీతం లేదు. స్టాండ్‌బై అని ఇంట్లో బూట్లేసుకుని ఫోన్ కోసం కూర్చుంటే జీతం లేదు. యూనిఫాం నీదే, వైద్య పరీక్ష ఖర్చు నీదే. గడువుకు ముందు మానేస్తే ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టాలి. ఇవన్నీ పోగా వచ్చేది మన రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఎక్కువగానే కనిపిస్తుంది, అక్కడి ఇంటి అద్దె కట్టాక ఏం మిగిలిందో అప్పుడు చూడాలి అన్నారు. బాపు బీడీ ఆర్పేసి కాగితాలు చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు.

"సాబ్, గిది మన చెరుకు కొట్టెటోళ్ల తీరే గదా. చేను మాది, ఫ్యాక్టరీ ఇంకోలది, అడ్వాన్సు ఇచ్చి మందిని తోల్కొచ్చేటోడు ముకద్దం. కొట్టినంతకే కూలి. వాన పడితె గుడిసెల పస్తు. నడుమల ఇడిసిపెట్టి పోదమంటె అడ్వాన్సు కట్టుమంటడు."

సార్ కళ్లు మెరిశాయి. "అంతేనండీ! ముకద్దం విమానంలో తిరుగుతాడు, ఇంగ్లీషు మాట్లాడతాడు. మిగతాదంతా అచ్చం అదే."

"మరి పంపాల్నా, వద్దా?"

"అది నేను చెప్పకూడదు. అమ్మాయి రెక్కలు, అమ్మాయి ఇష్టం" అన్నారు. నేను అక్కడే, ఆ బకెట్టు మీద పెట్టి సంతకం చేశాను. చెల్క విడిపించాలంటే నాకింకో దారి లేదు. ఉన్నమాట చెప్పాలంటే, నాకు ఎగరాలని కూడా ఉంది. రెండూ నిజమే.

అక్కడికెళ్లాక మొదటి నెలల్లో నాకు అంతా ఆశ్చర్యమే. ఒకే ఫ్లాటులో ఆరుగురం పైలట్లం అద్దెకుండేవాళ్లం. మంచాలు తక్కువ, అవి ఎప్పుడూ చల్లారేవి కావు, ఒకరు లేస్తే ఇంకొకరు పడుకునేవారు. తెల్లవారుజాము డ్యూటీలు వరసగా చేయించి, హఠాత్తుగా రాత్రి డ్యూటీలోకి తోసేవారు. నిబంధనలన్నీ సక్రమంగానే ఉండేవి. రెండు డ్యూటీల మధ్య ఇవ్వాల్సిన విశ్రాంతి ఇచ్చేవారు. కాని విశ్రాంతి ఇవ్వగలరు గాని నిద్ర ఇవ్వలేరు కదా! ప్రతి డ్యూటీకి ముందు ట్యాబ్‌లో "నేను పూర్తి ఆరోగ్యంతో ఉన్నాను, తగినంత విశ్రాంతి తీసుకున్నాను" అన్న గడిలో టిక్కు పెట్టాలి. అందరూ పెట్టేవారు. కళ్లు నలుపుకుంటూ పెట్టేవారు, ఆవులిస్తూ పెట్టేవారు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, అడిగేవాడికి తెలుసు, చెప్పేవాడికి తెలుసు, అయినా అలాగే నడిచిపోయేది. నేనూ కళ్లు కాస్త బరువుగా ఉన్నా పర్వాలేదనుకుని పెట్టిన రోజులున్నాయి.

పొడిగింపు నెల వచ్చింది. ఆ వారమంతా మా ఫ్లాటు పక్కన రోడ్డు తవ్వుతున్నారు. డ్యూటీ రాత్రికి మారిన రోజున పగలంతా ఎంత దొర్లినా కన్ను మూతపడలేదు. ఎయిర్‌పోర్టుకు వెళ్లే వ్యానులో తల కిటికీకి కొట్టుకుని రెండుసార్లు ఉలిక్కిపడ్డాను. ఎగిరే ముందు వివరాలు చూసుకునే బ్రీఫింగ్ గదిలో కెప్టెన్, వేరే దేశపు పెద్దాయన, కాగితాలు చూసుకుంటూ తల ఎత్తకుండానే "అంతా బాగానే ఉందిగా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు, "బాగానే ఉంది" అని. నేను నోరు తెరిచాను. "సార్, నిద్ర పట్టలేదు" అన్న మాట, ప్లాస్టిక్ కుర్చీలో అన్నట్టే, ఇంగ్లీషులో బయటికొచ్చేసింది.

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఇది ఏ నెలో నీకు గుర్తుందా?" అన్నాడు.

"గుర్తుంది."

"ఇంకోసారి ఆలోచించుకో. నేను వినలేదనుకుంటాను." ఆయన చెడ్డవాడు కాదు. నిజంగా నా మేలు కోరే అన్నాడు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. అయినా తల అడ్డంగా ఊపాను. ఆయన విసుగ్గా ఫోన్ తీసి స్టాండ్‌బైలో ఉన్న ఇంకో కోపైలట్‌ని పిలిపించాడు. విమానం ఆలస్యంగా వెళ్లింది. నెల చివర నాకు రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. ప్రస్తుతానికి మీ సేవల అవసరం లేదు, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు. కారణం నిద్రేనని ఎక్కడా లేదు. కాదనీ లేదు. ఎవరిని అడగాలి? ఏజెన్సీవాళ్లు ఎయిర్‌లైన్‌ని అడగమన్నారు, ఎయిర్‌లైన్‌వాళ్లు ఏజెన్సీని అడగమన్నారు.

జహీరాబాద్‌కు వచ్చిన మర్నాడే అల్లం పొలానికి వెళ్లాను. తవ్వకాలు జరుగుతున్నాయి. సార్ గోనెపట్టా మీద కూర్చుని దుంపల మట్టి రాలుస్తున్నారు. జరిగిందంతా చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన మెచ్చుకోలేదు, చిన్నపిల్లాడు కథ అడిగినట్టు అడిగారు. "ఆ కెప్టెన్ మొహం ఎలా పెట్టాడు? నీ గొంతు వణికిందా? చెప్పాక ఎలా అనిపించింది, తేలిగ్గానా, బరువుగానా?" నేను చెప్పినవన్నీ ఆశగా విన్నారు. ఆ ఆశ నాకు అర్థం కాలేదు. ఊరంతా చెప్పుకునే కథ గుర్తొచ్చి, ఎన్నాళ్లనుంచో ఉన్న ప్రశ్న అడిగేశాను.

"మీరు చెప్పిన్నాడు ఎట్లుండె సార్?"

"నేనెప్పుడు చెప్పాను?"

"అదే, నడుపనని పెద్దసారు మొఖం మీద... అందరు అంటరు గదా."

"ఊరు అంటుంది. నేను అనలేదుగా." చేతిలోని దుంపను విరిచి, ముక్కలు విడివిడిగా పెట్టారు. "ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదమ్మా. ప్రతిసారీ టిక్కు పెట్టాను."

తర్వాత ఆయన చెప్పింది చాలా చిన్న సంగతి. ఒక తిరుగు ప్రయాణంలో, ఎండ మొహం మీద పడుతుండగా, ఆయనకు రేడియోలో ఎవరో తమ విమానాన్ని పదేపదే పిలుస్తున్నట్టు వినిపించింది. కళ్లు తెరిచారు. పక్కన కోపైలట్ తల గుండెల మీదికి వాలి ఉంది. ఇద్దరూ నిద్రపోయారు. ఎంతసేపో తెలియదు. వెనక విమానం నిండా జనం. "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు చూడు. అది కాక్‌పిట్‌నూ ఎరగదు" అన్నారు సార్. ఏమీ కాలేదు. మెత్తగా దిగారు. తలుపు దగ్గర ఒక ముసలావిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని, క్షేమంగా చేర్చావు నాయనా అని తన భాషలో ఏదో దీవించింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. కోపైలట్‌కి కొత్తగా బిడ్డ పుట్టింది, అతనూ చెప్పలేదు. ఒప్పందం గడువు దాకా నోరు మూసుకుని నడిపి, ఇంటికొచ్చి అల్లం వేసుకున్నారు. ఆ ముసలావిడ చేతులు మాత్రం ఆయనను వదల్లేదు.

నాకు జాలి కలగలేదు. కోపం వచ్చింది. కళ్లనీళ్లు తన్నుకొచ్చేంత కోపం. "మీరు చెయ్యని పని నాతోటి చేయించిన్రా సార్? నా నౌకరి పోయింది. మా చెల్క ఇంకా బ్యాంకులనే ఉన్నది!"

"అవును" అన్నారాయన. తల దించుకోలేదు. "అలవాటు లేని మాట అవసరానికి నోటికి రాదమ్మా. నేను చూశాగా. చెప్పాలనుకుంటూనే ఇరవై ఏళ్లు గడిచాయి, ఒక్కసారీ రాలేదు. కుర్చీల్లో వందసార్లు అంటే విమానంలో ఒక్కసారైనా వస్తుందేమోననుకున్నాను. నాకెవరూ కుర్చీలు వేయలేదు."

నేను టీ తాగకుండా వచ్చేశాను. చాలా రోజులు ఆ దారిన వెళ్లలేదు. బాపుకు అంతా చెబితే తిడతాడనుకున్నాను. సార్‌ను మొగోడని మెచ్చుకున్న నోటితోనే తిడతాడని. బాపు గడ్డం గోక్కుని, "మునిగినోనికే గదా బిడ్డా బాయి లోతు తెలిసేది" అన్నాడు. "చెల్క ఫికర్ నువ్వు జెయ్యకు. గది నా ఫికర్. నువ్వు నిద్ర కండ్లతోటి ఎక్కి ఏదన్న అయితె, చెల్కను ఏం జేసుకుంట నేను?" ఆ రాత్రి ఎన్నో నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

మళ్లీ వెళ్లేసరికి కుర్చీలు అలాగే వేసి ఉన్నాయి, కాస్త దుమ్ము పట్టాయి అంతే. ఆయన వచ్చి ఎడమదాంట్లో కూర్చున్నారు. నేను కుడిదాంట్లో కూర్చున్నాను.

"నువ్వు వెళ్లినప్పట్నుంచీ నాకు సరిగా నిద్ర లేదు" అన్నారు ముందుగా.

"నాకు నిన్న పట్టింది సార్. అంతకుముందు లేదు."

"అయితే ఇవాళ ఫ్లైట్ లేదు. టీ తాగుదాం" అన్నారు. ఇద్దరం కందిచేను చూస్తూ, గొంతు మండేదాకా తాగాం.

తర్వాత ఇంకో కాంట్రాక్టు దొరకడానికి చాలాకాలం పట్టింది. దొరికింది. చెల్క విడిపించాం. కెప్టెన్‌ని అయ్యాను. షరతులు కాస్త అటూ ఇటూగా అవే, ముకద్దం మారాడు. ఎడమ సీట్లో కూర్చోవడం మొదలుపెట్టిన నాటినుంచి బ్రీఫింగ్‌లో నా నిద్ర సంగతి ముందు నేనే చెబుతున్నాను. నా వెనక ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నిద్ర మేడమ్ అనే అయ్యుంటుంది.

నిన్న సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. "కెప్టెన్ సాబ్ పోయిండు బిడ్డా. నిద్రలనే పోయిండు. పొద్దుగాల అమ్మగారు లేపితె లేవలే." అంతే, ఫోన్ పెట్టేశాడు. నేను పడుకోవడానికి ప్రయత్నించాను. ఈ పొద్దుటికి డ్యూటీ ఉందని తెలుసు గనక నిజంగానే ప్రయత్నించాను. రాలేదు.

బ్రీఫింగ్ గదిలో నా కోపైలట్ అప్పటికే టిక్కు పెట్టి కూర్చున్నాడు. చేరి ఇంకా ఏడాది నిండలేదు, అతని పొడిగింపూ వచ్చే నెలే. "రాత్రి నేను నిద్రపోలేదు. ఇవాళ నడపలేను" అన్నాను. అతను నన్ను చూశాడు, ట్యాబ్ వైపు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ట్యాబ్ పక్కన పెట్టేశాడు. "నేనూ సరిగా పడుకోలేదు మేడమ్." అలా చెబుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. డ్యూటీలు వేసే రోస్టర్ ఆఫీసుకు నేనే ఫోన్ చేశాను. అవతలివాడు జ్వరమా అన్నాడు, కాదన్నాను. మరేమని రాసుకోవాలన్నాడు. "ఇద్దరికీ నిద్ర లేదని రాసుకోండి. ముందు నా పేరు రాయండి" అన్నాను. వచ్చే నెల ఏమవుతుందో నాకు తెలియదు. ఆ కుర్రాడికేమవుతుందో అసలే తెలియదు. అతనికి ఆ మాటే చెప్పాను, అబద్ధపు ధైర్యం చెప్పలేదు. మా బదులు వేరే ఇద్దరు వెళ్లారు. ఇందాక సముద్రం వైపు తిరిగింది ఆ విమానమే.

గదిలో రెండు కుర్చీలున్నాయి. కిటికీ దగ్గరకు జరిపి పక్కపక్కన వేశాను. కెప్టెన్‌నై ఇన్నేళ్లయినా కాళ్లు కుడిదాని వైపే వెళ్లాయి, అందులోనే కూర్చున్నాను. పెద్దవాళ్లు ముందు చెప్పాలన్నది ఆయన పద్ధతి. కాసేపు ఆగి చూశాను. ఇక నేనే చెప్పాలి.

"రాత్రి నిద్ర పట్టలేదు సార్" అన్నాను. ఇవాళ ఫ్లైట్ లేదు.